ఎనిమిది గజాల మద్రాసు

చీరాల పక్కనే ఉన్న మా పేరాల ఇంట్లో చిన్నప్పుడు రెండు మద్రాసులు ఉండేవి. ఒకటి రైలెక్కితే వచ్చేది, అందులో రామారావు, నాగేశ్వరరావు ఉండేవాళ్ళు. రెండోది మగ్గం మీద ఉండేది, అందులో నడుం దాకా గుంటలో దిగి మా తాత ఉండేవాడు.

"మద్రాసు ఎందాకా వచ్చింది?" అని షావుకారు గుమాస్తా వీధరుగు మీద నుంచే కేకేసేవాడు.

"అయిదో రుమాలు పడిందయ్యా" అనేవాడు తాత, తల ఎత్తకుండా.

గజం పొడవు, గజం వెడల్పు. అది ఒక రుమాలు. అలాంటివి ఎనిమిది, మధ్యలో కత్తెర పడకుండా ఒకే తాను. రుమాలంటే జేబులో పెట్టుకునేది కాదు. తలకు చుట్టుకునేది, నడుముకు కట్టుకునేది. బేళ్ళ మీద అంటించే చీటీల్లో ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ అని అచ్చేసి ఉండేది. అంత పొడుగు పేరు పలికే తీరిక ఎవరికుంది? చదువుకున్నవాళ్ళు ఆర్.ఎం.హెచ్. అనేవాళ్ళు, మా ఇంట్లో మద్రాసు అనేవాళ్ళు. సరుకు నైజీరియా పోతుందని మాత్రం అందరికీ తెలుసు. మా నాయనమ్మ లెక్కలో నైజీరియా అంటే మద్రాసు దాటాక వచ్చే స్టేషను.

గళ్ళ నేత చూడ్డానికి తేలిక. పువ్వు లేదు, జరీ లేదు, అడ్డం నిలువు గీతలే గదా అనుకుంటారు. పడుగులో రంగులు ముందే లెక్క ప్రకారం కూచుని ఉంటాయి. ఎరుపు ఇన్ని పోగులు, తెలుపు ఇన్ని, మళ్ళీ నీలం ఇన్ని. ఇక దాన్ని కదిలించేది లేదు. నేసేవాడు అదే లెక్కను పేకలో తిరిగి అప్పజెప్పాలి. నాడెలో ఎర్ర కండె పెట్టి ఇన్ని పోగులు, అది తీసి తెల్ల కండె, అది తీసి నీలం. లెక్క తప్పకపోయినా చెయ్యి తప్పొచ్చు. పన్నె బరువుగా తగిలితే పోగులు బిగిసి గడి పొట్టిదవుతుంది, తేలిగ్గా తగిలితే సాగిపోతుంది. తాత దగ్గర వెదురు కొలతపుల్ల ఒకటి ఉండేది, జానెడుంటుందేమో. నాలుగు గళ్ళకోసారి దాన్ని అడ్డంగా పెట్టి, నిలువుగా పెట్టి చూసుకునేవాడు. రెండూ సమానమైతే ఏమీ అనడు. తేడా వస్తే గొంతు సవరించుకుంటాడు. ఆ దగ్గు వినపడితే రాట్నం దగ్గర కండెలు చుట్టే నాయనమ్మ చెయ్యి కూడా ఒక క్షణం ఆగేది.

తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో తాత అన్నానికి లేచిన సమయం చూసి గుంటలో దిగాను. జానెడు నేశాను. నాకైతే బ్రహ్మాండంగా ఉన్నట్టే కనిపించింది. తాత చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, కొలతపుల్ల కూడా పెట్టకుండా చెప్పేశాడు.

"ఏరా అబ్బాయ్, నీ మద్రాసు రైలుపెట్టెల్లాగా ఉందే."

నిజంగానే గళ్ళన్నీ పొడుగ్గా సాగి, ఒకదాని వెనక ఒకటి వరసగా పోతున్నాయి. పొద్దుగూకే దాకా కూచుని పోగు పోగూ విప్పి మళ్ళీ నేశాడు. అయినా ఆ మేర పడుగు రాపిడి తిని కాస్త నూగులేచింది. తాను అప్పజెప్పిన రోజు గుమాస్తా వేలు బట్ట మీద జారుతూ జారుతూ సరిగ్గా అక్కడికొచ్చి ఆగింది. కూలీలో కోత పడింది. ఎంతో తాత చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ తర్వాత నేను మగ్గం జోలికి పోలేదు, మాటల జోలికొచ్చాను. ఈ వృత్తిలో ముప్పై ఏళ్ళుగా ఒక అలవాటు అంటుకుంది. ‘మద్రాసు’ అనే మాట ఎక్కడ కనిపించినా అక్కడ దాని అర్థమేమిటో రాసి పెట్టుకుంటాను. నోటు పుస్తకం ఒకటి నిండింది, రెండోది నడుస్తోంది. ఎనిమిది గజాల బట్ట అని ఒక అర్థం మా ఇంట్లోనే దొరికింది కాబట్టి, మిగతావి వెతకడం తేలికైంది.

అసలు ఊరి సంగతి ముందు చెప్పాలి. 1639 ఆగస్టులో దామర్ల వెంకటాద్రి నాయకుడు సముద్రపు ఒడ్డున కాస్త ఇసకనేల ఇంగ్లీషు కంపెనీకిచ్చాడు. అక్కడ కట్టుకున్న కోటకు వాళ్ళు తమ సెయింట్ జార్జి పేరు పెట్టారు, పక్కన లేచిన పేటకు వెంకటాద్రి తండ్రి చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం అని వచ్చింది. అంటే ఇవాళ అందరూ తమిళమనుకునే చెన్నై వెనకాల ఉన్నది తెలుగు నాయకుడి తండ్రి పేరు. కంపెనీ వాళ్ళు ఆ ఇసకలో కాపురం పెట్టింది గాలి కోసం కాదు, బట్టల కోసం. నేతగాళ్ళను తెచ్చి పేటలు కట్టించారు. 1734లో అలా పుట్టిందే చింతాద్రిపేట. చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల పేట, అదే చింతాద్రిపేట అయిందంటారు. తీరం పొడుగునా ఎక్కడ నేసిన బట్టయినా ఆ రేవులో ఓడెక్కితే మద్రాసు బట్టే. ఓడలో వెళ్ళేవాడికి చీరాల తెలీదు, పేరాల అసలే తెలీదు.

ఆ బట్ట అమ్మిన డబ్బుతో ఏమేం లేచాయో చూస్తే తల తిరుగుతుంది. సెయింట్ జార్జి కోటకు గవర్నరుగా చేసిన ఎలిహు యేల్ 1718లో అమెరికాలో ఒక పేద కాలేజీకి తొమ్మిది బేళ్ళ సరుకు పంపాడు. అది అమ్మితే అయిదొందల పౌన్లకు పైగా వచ్చింది. కాలేజీ వాళ్ళు కృతజ్ఞతగా ఆయన పేరు పెట్టుకున్నారు. అదే యేల్ విశ్వవిద్యాలయం. బట్ట నేసినవాళ్ళ పేర్లు పెట్టాలంటే అన్ని విశ్వవిద్యాలయాలు లేవనుకోండి. ఇంతకన్నా చేదు సంగతి ఇంకొకటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో పడమటి ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొన్న బేరాల్లో మన తీరపు నూలుబట్ట ఒక పెద్ద చెల్లుబడి సరుకు. బానిసలుగా కొన్నవాళ్ళను కరీబియన్ దీవులకు తోలారు, ఆ వెనకే బట్టా వెళ్ళింది. మార్టినీక్, గ్వాడెలూప్, డొమినికా, సెయింట్ లూసియాల్లో ఇవాళ మద్రాస్ అంటే జాతీయ వేషం. అక్కడి ఆడవాళ్ళు గళ్ళ రుమాలును తలకు చుట్టి కొసలు పైకి నిలబెడతారు. ఒక కొస నిలబెడితే మనసు ఖాళీ అని, రెండయితే మాటయిందని, మూడయితే పెళ్ళయిందని. నాలుగు నిలబెడితే, పెళ్ళయినా ఇంకొకరికి చోటుందని! మా నాయనమ్మ బతికుండగా ఈ సంగతి నాకు తెలిసి ఉంటే, చెప్పి ఆవిడ ముఖం చూసేవాణ్ణి.

నైజీరియాలో బట్ట పేరే మారిపోయింది. ఇగ్బో వాళ్ళు దాన్ని జార్జి అంటారు. ఆ జార్జి మన సెయింట్ జార్జి కోట నుంచే వచ్చిందంటారు. నైజరు నది డెల్టాలోని కలబారి జనం ఇంజిరి అంటారు. బిడ్డ పుట్టినప్పుడూ కావాలి, పెద్దవాళ్ళు పోయినప్పుడు శవాన్ని ఉంచే మంచం చుట్టూ అలంకరించడానికీ కావాలి. కొత్త తానును వాళ్ళు అలాగే కట్టుకోరు. పదునైన బ్లేడుతో కొన్ని పోగుల్ని ఎంచి కోసి, ఒక్కొక్కటే లాగేస్తారు. తీసినచోట బట్ట పలచబడి, గళ్ళలో కొత్త బొమ్మ తేలుతుంది. దాన్ని పెలెతె బితె అంటారు. కోసిన బట్ట అని అర్థం. అలా తీసిన బట్టే వాళ్ళ లెక్కలో తమది.

ఈ సంగతి చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. తాత లెక్కబెట్టి వేసిన పోగుల్ని, సముద్రానికి అవతల ఎవరో ఆడమనిషి కూచుని లెక్కబెట్టి తీసేస్తోంది. తాతకు చెబితే ఏమనేవాడు? చేతిపని తెలిసినవాడు కాబట్టి, బ్లేడు ఎలా పట్టుకుంటారని అడిగేవాడనుకుంటా.

ఇక అమెరికా. చీరాల ఇళ్ళల్లో ‘రంగు దిగింది’ అన్నది మామూలు మాట కాదు, రంగు వేసినవాడి పరువు. అలాంటిది 1958లో ఒక విచిత్రం జరిగింది. విలియం జేకబ్సన్ అనే దిగుమతిదారు మద్రాసులో కెప్టెన్ సి.పి. కృష్ణన్ అనే ఎగుమతిదారు దగ్గర గజం డాలరు చొప్పున పదివేల గజాల గళ్ళ బట్ట కొన్నాడు. దీన్ని చన్నీళ్ళలో జాగ్రత్తగా ఉతకాలి, రంగు దిగుతుంది అని కృష్ణన్ ముందే చెప్పాడట. ఆ ముక్క జేకబ్సన్ అవతలివాళ్ళకు చెప్పడం మరిచాడు. బ్రూక్స్ బ్రదర్స్ దుకాణం దాంతో చొక్కాలు, కోట్లు కుట్టించి అమ్మింది. ఒక్క ఉతుకుకే ఎరుపు నీలంలోకి, నీలం పసుపులోకి పారింది. జనం మండిపడ్డారు, లాయర్ల దాకా పోయింది. అప్పుడు ప్రకటనల వాళ్ళకు ఒక ఊహ తట్టింది. రంగు దిగడమే ఈ బట్ట గొప్పతనం, ప్రతి ఉతుకుకీ మీ చొక్కా కొత్త చొక్కా, రంగు దిగుతుందని మా హామీ అని అచ్చేశారు. పడుచువాళ్ళు ఎగబడ్డారు. ‘బ్లీడింగ్ మద్రాస్’ అని పేరే పడింది. రంగు దిగకపోతే నకిలీ అని వెనక్కిచ్చే రోజులొచ్చాయి!

మన ఇళ్ళల్లో ఇలాంటి మాటకారి ఒక్కడుంటే ఎంతమంది నేతగాళ్ళ కూలీ కోత తప్పేదో. నా జానెడు నేతకు ‘రైలుపెట్టె గళ్ళు’ అని పేరు పెట్టి రెండింతలకు అమ్మి ఉండేవాడు.

అమెరికాలోనే ఓరెగాన్ రాష్ట్రంలో మద్రాస్ అని ఒక చిన్న ఊరుంది. ఆ ఊరికి పేరు పెట్టింది మన నగరాన్ని చూసి కాదట. ఊళ్ళో దుకాణంలో ఉన్న బట్ట తానును చూసి పెట్టారని చెబుతారు. ఊరు నుంచి బట్ట, బట్ట నుంచి మళ్ళీ ఊరు. నా నోటు పుస్తకంలో నాకు బాగా ఇష్టమైన పేజీ ఇది.

మనుషులకు అంటుకున్న మద్రాసు అంత ముచ్చటైనది కాదు. ఢిల్లీలో ఉద్యోగం చేసిన మూడేళ్ళూ నేను మద్రాసీని. చీరాల అని చెప్పినా, ఆంధ్ర అని చెప్పినా ఇంటావిడ చెయ్యి గాల్లో ఒకే దిక్కుకు ఊపేది. వింధ్యకు అవతలంతా ఆవిడకు మద్రాసే. ‘మదరాసు మనదే’ అని మన పెద్దవాళ్ళు వీధుల్లో అరిచారు, పొట్టి శ్రీరాములు గారు ఆ ఊళ్ళోనే యాభై ఎనిమిది రోజుల నిరాహారం తర్వాత 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలారు, 1953లో ఆ ఊరు లేకుండానే రాష్ట్రం తెచ్చుకుని కర్నూలు పోయాం. ఇంత జరిగాక నన్ను మద్రాసీ అంటే ఏమనాలి? గయానాలో మాత్రం ఈ మాటకు వేరే బరువుంది. కూలీలుగా మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళు, తమిళులూ తెలుగువాళ్ళూ అందరూ, అక్కడ మద్రాసీలే. వాళ్ళు ఇప్పటికీ మారెమ్మను కొలుస్తారు, ఆ కొలుపునే మద్రాసీ మతం అంటారు. అన్నట్టు చదరంగం చిక్కుముడుల్లో కూడా మద్రాసీ అని ఒక పద్ధతుంది, 1979లో పుట్టింది. ఒకే జాతి పావులు రెండు ఎదురుబొదురై ఒకదాన్నొకటి గురిపెడితే రెండూ కదల్లేక బిగుసుకుపోతాయి. తెలుగువాడూ తమిళుడూ ఢిల్లీ ఆఫీసులో ఒకే కుర్చీకి గురిపెట్టినప్పుడు అచ్చం అదే జరగడం నేను చూశాను.

లండనులో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక హోటల్లో కూర పేరు మద్రాస్ అని కనిపిస్తే ఆశగా తెప్పించుకున్నాను. అక్కడ అది ఊరూ కాదు, వంటా కాదు, కారం కొలత. కుర్మా కన్నా పైన, విందాలూ కన్నా కింద. చీరాలవాడికి అది పత్యం కూర.

బడి సంగతి వేరు. 1789లో ఆండ్రూ బెల్ అనే పాదిరీ ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల బడికి అధికారి అయ్యాడు. ఒకరోజు దారిలో మన వీధిబడి పిల్లలు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దుకుంటూ కనిపించారు. వెంటనే అది తన బడికి తెచ్చాడు. పంతుళ్ళు ఒప్పుకోకపోతే, తెలిసిన పిల్లాడి చేత తెలియని పిల్లాడికి చెప్పించాడు. 1797లో దాని మీద పుస్తకం వేశాడు. అది ఇంగ్లండంతా పాకి ‘మద్రాస్ పద్ధతి’ అయింది. స్కాట్లండులో సెయింట్ ఆండ్రూస్ పట్నంలో ఆయన డబ్బుతో కట్టిన బడి పేరు ఇప్పటికీ మద్రాస్ కాలేజ్. మా తాత చదువు గుంట ఓనమాలతో ఆగిపోయింది, అంటే ఇసకలో దిద్దిన అక్షరాలే. ఆయన చదివిందీ మద్రాస్ పద్ధతిలోనే, నేసిందీ మద్రాసే, చెన్నపట్నం మాత్రం జన్మలో చూడలేదు.

ఇంకా ఉన్నాయి. టేకు దూలాల మీద ఇటుకల్ని నిలువుగా పేర్చి సున్నంతో కప్పే మిద్దెను మేస్త్రీలు మద్రాస్ టెర్రస్ అంటారు. కళ్ళకలకకు మద్రాస్ ఐ అని పేరు. వోడ్కాలో నారింజరసం, క్రాన్‌బెర్రీ రసం కలిపితే అదొక మద్రాసు. అది మాత్రం నోటు పుస్తకానికే పరిమితం చేశాను.

మిద్దె, కళ్ళకలక తప్పిస్తే ఇన్ని అర్థాల్లో మద్రాసులో ఉన్నవాడు వాడేది దాదాపు ఒక్కటీ లేదు. అక్కడ గళ్ళబట్టను గళ్ళబట్టే అంటారు, కూరను పులుసంటారు. ఊరి పేరు వేరే మాట కావాలంటే ఊరికి దూరంగా, అందులోనూ కొనేవాడి నోట్లో కావాలి. కొనేవాడికి తెలిసేది రేవు. అందుకే రేవు పేరు నిఘంటువుకెక్కింది, మగ్గం ఉన్న ఊరి పేరు ఎక్కలేదు. ఇది నాకు చాలాకాలం మంటగా ఉండేది. ఒకసారి ఒక సభలో చీరాలకు అన్యాయం జరిగిందని ఆవేశంగా మాట్లాడాను కూడా.

సభ అయ్యాక ఒక పెద్దాయన పక్కకు పిలిచి, "బాబూ, పేరొస్తే ఏమవుతుందో పోచంపల్లి వాళ్ళనడుగు" అన్నాడు.

ఆయనన్నది నిజం. పోగుల్ని కట్లు కట్టి రంగులో ముంచే చిటికీ పని మా చీరాల తేలియా రుమాళ్ళది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి పిండి, ఎరుపూ నలుపూ ఎక్కించేవాళ్ళు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ పని ఇక్కడి నుంచే పోచంపల్లి వైపు వెళ్ళింది. తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, నల్లగొండ వైపు పుట్టపాక పేరు మీద. వాళ్ళు నిలబెట్టుకున్నారు, వాళ్ళకే రావాలి, అందులో నాకు పేచీ లేదు. మరి పోచంపల్లి? అదిప్పుడు ఊరూ, చీరా కూడా కాదు, ఒక ‘డిజైన్’. పాలియెస్టరు మీద అచ్చు గుద్ది మూడొందలకు అమ్మే పోచంపల్లి బజారులో ప్రతి కొట్లోనూ ఉంది. మొన్న ఒక పెళ్ళిలో ప్లాస్టిక్ విస్తరాకు అంచు మీద కూడా చూశాను. దానికి మగ్గం అక్కర్లేదు, కట్లు కట్టే వేళ్ళు అక్కర్లేదు, పేరుంటే చాలు.

మద్రాసు 1996లో చెన్నై అయింది. హైకోర్టు, విశ్వవిద్యాలయం, ఐ.ఐ.టి. మాత్రం పాత పేరు వదల్లేదు. మా చీరాలలో రుమాళ్ళ బేరం అంతకన్నా ముందే చల్లబడింది. 1991లో నూలు ధర మండిపోయి మా పక్క నేతగాళ్ళు ఆకలితో చనిపోయిన వార్తలు పత్రికల్లో వచ్చాయి. అప్పటికి తాత లేడు. మగ్గం గుంటను నాన్న ఇసకపోసి పూడ్చి, పైన బండలు పరిపించాడు. ఇప్పుడక్కడ ఫ్రిజ్ ఉంది.

మిగిలిందల్లా నాయనమ్మ పెట్టెలో అడుగున పరిచిన ఒక రుమాలు. షావుకారు తానును తిరస్కరిస్తే ఇంట్లో ఉండిపోయిందట. పోయిన సంక్రాంతికి బయటికి తీశాను. కాస్త పసుపు వాసన, కాస్త నూనె వాసన, బోలెడు కలరా ఉండల వాసన. కొలతపుల్ల లేదు కాబట్టి స్కేలు పెట్టి చూశాను. గడి అడ్డం, నిలువు, రెండూ సరిగ్గా ఒకటే. ఎందుకు తిరస్కరించారో నాకైతే అర్థం కాలేదు.

చీరాల, పేరాల, ఈపూరుపాలెం, వేటపాలెం వైపు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒక మనవి. మీ అటకమీద, పాత ట్రంకు పెట్టెల్లో ఇలాంటి రుమాలు గానీ, బేళ్ళకు అంటించిన రంగుల చీటీ గానీ ఉంటే పాతగుడ్డ అని పారేయకండి, నేల తుడవకండి. ఎవరు నేశారో పెద్దవాళ్ళనడిగి ఒక కాగితం మీద పేరు రాసి దానికి కుట్టిపెట్టండి. వీలైతే ఆ పేరు ఒక ఉత్తరంలో నాకూ రాయండి, రెండో నోటు పుస్తకంలో ఇంకా చోటుంది.